ఉన్ని బొమ్మ – ఉస్మానియా బిస్కెట్టు

కర్నూలు నుంచి కాచిగూడ చేరేలోపు రైలు రెండు పెద్ద నదులను దాటుతుంది. బండి కదిలిన కాసేపటికే తుంగభద్ర వస్తుంది. గద్వాల దాటిన తరువాత కృష్ణ వస్తుంది. ఆ రెండు నదుల నడుమ భూమిని నడిగడ్డ అంటారు. గత రమజాన్ చివరి పది రోజులలో, ఒక మధ్యాహ్నం బండిలో, ఆ నడిగడ్డ పొలాలను చూస్తూ నేను హైదరాబాద్ ప్రయాణమయ్యాను. షాబాన్ మాసాంతంలో మూతపడిన మా మదరసా తిరిగి షవ్వాల్‌లోగాని తెరుచుకోదు. మొఘల్‌పురాలో ఉండే నా చెల్లెలు ఫోను చేసి, "భాయిజాన్, మనవడు మొదటి రోజా ఉంటానంటున్నాడు. వాడి తండ్రి రియాద్‌లో ఉన్నాడు. ఇంట్లో పెద్ద మగదిక్కుగా మీరైనా రండి" అని కోరింది. ఆ మాటను కాదనలేకపోయాను.

పిల్లలు తొలిసారి ఉపవాసం పాటించిన రోజును హైదరాబాద్ ముస్లిం కుటుంబాలలో 'రోజా కుషాయీ' పేరిట వేడుకగా జరుపుకుంటారు. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, బంధువులను ఇఫ్తార్‌కు పిలుస్తారు. ఈ మధ్య కొన్ని ఇళ్లలో ఇది ఫంక్షన్ హాళ్లకు, అప్పులకు దారితీస్తోంది. చెల్లెలు ఆ బాట పట్టిందేమోనన్న శంక నాకు లేకపోలేదు. నా మనసులోని మాట ఆమె ముందే కనిపెట్టింది. "హాలూ లేదు, ఆర్భాటమూ లేదు. ఇంట్లోనే పది మందిమి. తీపి వంటకం మాత్రం పెద్ద పిల్ల తానే చేస్తానంటోంది. మీరు వచ్చేటప్పుడు అరకిలో ఉస్మానియా బిస్కెట్లు, కాస్త ఎరుపు రంగు, ఆకుపచ్చ రంగు తెమ్మంది" అని చెప్పింది.

మదీనా నుంచి చార్మినార్ దాకా

కాచిగూడలో ఆటో ఎక్కి, మూసీపై నయాపుల్ దాటి, మదీనా చౌరస్తాలో దిగిపోయాను. అక్కడి నుంచి రమజాన్ సాయంత్రాలలో నడకే మేలు. పత్థర్‌గట్టి రాతి కమానుల కింద బట్టల దుకాణాలు, వాటి ముందు ఖర్జూరాల బండ్లు, బండ్ల మధ్య నుంచి కదిలే జనప్రవాహం. చార్ కమాన్ నడుమ గుల్జార్ హౌజ్ చుట్టూ తిరిగితే ఎదుట చార్మినార్ కనిపిస్తుంది. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడానికి నైరుతిన మక్కా మస్జిద్ ఉంది. కుతుబ్ షాహీల కాలంలో మొదలైన ఆ మస్జిద్ నిర్మాణం ఔరంగజేబు కాలంలో, 1694లో పూర్తయింది. ఆ మస్జిద్ ప్రాంగణంలోనే ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ నమాజు ముగించుకొని బిస్కెట్ల కోసం బయలుదేరాను.

ఉస్మానియా బిస్కెట్టుకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. ఆసుపత్రిలో రోగుల కోసం మొదట తయారైందని కొందరు చెబుతారు, రాజభవనం కోసమని మరికొందరు చెబుతారు. కథ ఏదైనా, దాని రుచి మాత్రం తనదే. తీపిలో సన్నని ఉప్పు జీర ఉంటుంది. వెన్న బాగా పట్టి ఉండటం వల్ల వేలితో నొక్కితే పొడిపొడిగా రాలిపోతుంది. ఇరానీ చాయ్‌లో ముంచితే క్షణం ఆలస్యమైనా గ్లాసు అడుగుకు చేరుతుంది. వేడి వేడిగా పళ్లాలలోంచి తీసి తూచి ఇస్తున్న బేకరీ దగ్గర అరకిలో కొన్నాను. దారిలో ఒక బండిపై చిన్న కాగితపు పొట్లాలలో రంగులు కనిపించాయి. పొట్లం పది రూపాయలు. ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి తీసుకొని జేబులో వేసుకున్నాను. ఆ ఇరవై రూపాయల గురించి మళ్లీ చెప్పవలసి ఉంది.

బేకరీ వాసన తగిలినప్పుడు నా బాల్యం గుర్తుకు వచ్చింది. ఆ రోజుల్లో ఇళ్లలో ఓవెన్లు ఎక్కడివి? రమజాన్ వచ్చిందంటే అమ్మ మైదా, పంచదార, డాల్డా డబ్బాలలో కట్టి ఇస్తే, నేనూ చెల్లెలూ మోసుకొని వీధి చివర బేకరీకి వెళ్లేవాళ్లం. మా సరుకుతోనే అక్కడ నాన్‌ఖటాయీలు కాల్చి, కూలి తీసుకొని ఇచ్చేవారు. మా వంతు వచ్చేదాకా భట్టీ ముందు కూర్చునేవాళ్లం. ఒక్క భట్టీ వీధి మొత్తానికి సరిపోయేది. నేటికీ నా చెల్లెలి ఇంట్లో ఓవెన్ లేదు. రెండు గదులు, ఒక గ్యాస్ పొయ్యి, ఒక పాత ఫ్రిజ్ మాత్రమే ఉన్నాయి. భట్టీతో పని లేకుండా, బిస్కెట్లనే పిండిగా మార్చి చేసే తీపి వంటకాన్ని పదమూడేళ్ల మనవరాలు బడిలో స్నేహితురాలి వద్ద నేర్చుకొని వచ్చింది.

కళ్లద్దాలకు అందనిది

మరునాడు సహరీకి ఎనిమిదేళ్ల బాబు అందరికంటే ముందే లేచి కూర్చున్నాడు. ఫజ్ర్ తరువాత నిద్రపోయి, పదింటికి లేచి, జుహ్ర్‌కు నాతో మస్జిద్‌కు వచ్చాడు. తిరిగి వచ్చేసరికి వంటగదిలో పెద్ద పిల్ల సరంజామా పరిచి ఉంచింది. బిస్కెట్లు, కోకో పొడి, ఎండుకొబ్బరి పొడి, పంచదార పొడి, వెన్న, యాలకులు, పైన అలంకరణకు రంగురంగుల జెల్లీ నక్షత్రాల ప్యాకెట్టు.

నా చేయి అలవాటుగా ఆ ప్యాకెట్టు మీదికి వెళ్లింది. కళ్లద్దాలు సవరించుకొని వెనుకనున్న సన్నని అక్షరాలు చదివాను. జెలటిన్ అని రాసి ఉంది. జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. అది ఏ జంతువుదో, ఆ జంతువు ధర్మబద్ధంగా జబహ్ అయిందో లేదో ఆ ప్యాకెట్టు చెప్పడం లేదు. "ఇది అనుమానాస్పదం బేటీ, పక్కన పెట్టు. జెల్లీ కావాలంటే చైనాగ్రాస్ ఉంది, అది సముద్రపు నాచు నుంచి వస్తుంది" అన్నాను. ఆమె మారు మాటాడక పక్కన పెట్టింది. ఇఫ్తార్‌కు ముందే ఒక మంచి పని చేశానన్న తృప్తి నా ముఖంలో కనిపించే ఉంటుంది.

ఆ తరువాత ఆమె నేను తెచ్చిన కాగితపు పొట్లాలను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది.

"నానాజాన్, వీటి మీద ఏమీ రాసి లేదు."

"రంగే కదా బేటీ, ఏం రాస్తారు?"

"ఎవరు తయారు చేశారో లేదు. లైసెన్సు సంఖ్య లేదు. ఇది తినే రంగో, బట్టలకు వేసే రంగో ఎలా తెలుస్తుంది? పీచు మిఠాయిలో బట్టల రంగు కలుపుతున్నారని మా టీచరు చెప్పారు."

ఆ టీచరు చెప్పినది నిజమే. గులాబీ రంగు పీచు మిఠాయిలో రోడమిన్‌-బి అనే రసాయనం బయటపడటంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు దానిని నిషేధించింది. మరుసటి నెలలో కర్ణాటక కూడా రంగు కలిపిన పీచు మిఠాయిపై నిషేధం విధించింది. అది బట్టలకు, కాగితాలకు వేసే రంగు, ఆహారంలో వాడటానికి అనుమతి లేనిది. ప్యాకెట్టులో వచ్చే ప్రతి తినుబండారంపై పదార్థాల పట్టిక, తయారీదారు చిరునామా, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉండాలి. నేను తెచ్చిన పొట్లాలపై అవేవీ లేవు.

నాకు నోట మాట రాలేదు. దివ్య ఖుర్ఆన్ ఆహారం గురించి ఆదేశించినప్పుడు 'హలాల్' అన్న పదం పక్కనే 'తయ్యిబ్' అన్న పదాన్నీ ఉంచింది. ధర్మసమ్మతం కావడంతోపాటు పరిశుభ్రమైనది, మేలైనది కూడా కావాలని దాని భావం. ఈ రెండు పదాల మీద నేను ఎన్నో ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అయినా జెలటిన్‌ను పట్టుకున్న నా కళ్లద్దాలకు, నా జేబులోంచే వచ్చిన పొట్లాలు కనిపించలేదు. మొదటి పదానికి కాపలా కాసి, రెండవ పదాన్ని వీధిలో వదిలేశాను. ఆ పిల్ల ఎదుటే ఒప్పుకున్నాను: "నువ్వు చెప్పిందే సరైనది బేటీ. తప్పు నాది." ఇరవై రూపాయల రంగు చెత్తబుట్టలోకి వెళ్లింది. పిల్లలు ఆశ్చర్యంగా చూశారు. మౌల్వీ సాబ్ తప్పు ఒప్పుకోవడం వారికి కొత్తగా ఉన్నట్టుంది.

ఇంటి రంగులు

అయితే రంగులు ఎక్కడివి? దానికి వంటిల్లే సమాధానం చెప్పింది. మేనకోడలు బీట్‌రూట్ తురిమి, గుడ్డలో వేసి పిండితే చిక్కని గులాబీ రసం వచ్చింది. పాలకూరను వేడినీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీసి, నూరి వడకడితే ఆకుపచ్చ రంగు వచ్చింది. పసుపు రంగు కోసం, పండుగనాటి షీర్ ఖుర్మాకని దాచిన కుంకుమపువ్వులోంచి నాలుగు రేకలు గోరువెచ్చని పాలలో నానబెట్టారు. ఆ కుంకుమపువ్వు రియాద్ నుంచి పిల్లల తండ్రి పంపినది. "అయితే పసుపు రంగు అబ్బాది" అన్నాడు బాబు.

వంటకం చేసే విధానం సులువే. అరకిలో బిస్కెట్లను మందపాటి సంచిలో వేసి, మూతి కట్టి, బాబు చేతికి అప్పడాల కర్ర ఇచ్చారు. వాడు లెక్క పెడుతూ దంచాడు. మెత్తని పొడి అయ్యాక, నాలుగు చెంచాల కోకో పొడి కలిపి, పాలు చెంచా చెంచాగా పోస్తూ ముద్ద చేశారు. ఉస్మానియా బిస్కెట్టులో వెన్న ఎక్కువ కనుక పాలు తక్కువే పడతాయి. మేము పోసినవి చిన్న గ్లాసుడు కూడా లేవు. తొందరపడి ఒకేసారి పోస్తే ముద్ద జారిపోతుంది. మరోవైపు పావుకిలో ఎండుకొబ్బరి పొడి, 150 గ్రాముల పంచదార పొడి, 100 గ్రాముల వెన్న, యాలకుల పొడి కలిపి మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో రంగు పట్టించారు. వెనీలా వంటి సుగంధ ద్రావకాలలో కొన్నింటిని ఆల్కహాలులో కలిపి తయారు చేస్తారు. యాలకులు ఉండగా ఆ చర్చే రాలేదు.

బిస్కెట్టు ముద్దనూ మూడు భాగాలు చేసి, ఒక్కొక్కదానిని ప్లాస్టిక్ కాగితంపై చపాతీలా ఒత్తి, పైన రంగు కొబ్బరి పరిచి, చాపలా చుట్టాలి. గంటన్నర ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి అరంగుళం మందాన కోస్తే, నల్లని చుట్టలో రంగు సుడి తిరిగిన చక్రాలు వస్తాయి.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. తీపి సరిపోయిందో లేదో ఎవరు చెప్పాలి? చిన్నపిల్ల తప్ప ఇంట్లో అందరూ ఉపవాసులే. "నాలుక కొనతో చూసి ఉమ్మేయవచ్చా, నానాజాన్?" అని పెద్ద పిల్ల అడిగింది. అవసరమైనప్పుడు, గొంతులోకి దిగకుండా అలా రుచి చూడటానికి ధర్మశాస్త్ర పండితులు వెసులుబాటు ఇచ్చారు. అవసరం లేకుండా చేయడం మాత్రం మంచిది కాదన్నారు. "నాలుగేళ్ల చెల్లెలు ఉండగా నీకు ఆ అవసరం ఏముంది?" అన్నాను. ఆ క్షణం నుంచి చిన్నపిల్ల ఆ ఇంటికి ఖాజీ అయింది. ప్రతి రంగు కొబ్బరీ దాని ముందు హాజరైంది. మూడింటికీ అది ఒకే తీర్పు ఇచ్చింది: "ఇంకా కావాలి."

మూడు గంటల వేళ

చుట్టలను ఫ్రిజ్‌లో పెట్టేసరికి మూడు దాటింది. మొదటి రోజా ఉన్న పిల్లలకు అదే కఠినమైన వేళ. బాబు మాటలు తగ్గిపోయాయి. వెళ్లి సురాహీ పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తడి మట్టి మీద చెంప ఆనించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మేనకోడలు కొంగుతో వాడి ముఖం తుడిచి నా వైపు చూసింది. "మామూ, విరమింపజేయమంటారా? వాళ్ల అబ్బా ఇఫ్తార్‌కు ఫోను చేస్తారని ఉదయం నుంచి కాచుకున్నాడు. కానీ..." అని ఆగిపోయింది.

వాడి పక్కన కూర్చొని ఉన్నమాట చెప్పాను. "బేటా, నీ మీద ఇంకా ఉపవాసం విధి కాలేదు. ఇప్పుడు నీళ్లు తాగితే పాపమేమీ లేదు. అల్లాహ్ నీ ఈ ఉదయాన్ని చూశాడు. ఎవ్వరూ నిన్ను చిన్నబుచ్చరు, మీ అబ్బా కూడా." వాడు సురాహీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, జవాబు చెప్పలేదు.

ఇంతలో పెద్ద పిల్ల వంటగదిలోంచి కేక వేసింది: "తమ్ముడూ, గులాబీ చుట్ట విచ్చిపోయింది, రా!" బీట్‌రూట్ రసం కాస్త ఎక్కువై కొబ్బరి జారుగా తయారైంది. చుట్ట కోయబోతే ముక్కలుముక్కలైంది. బాబు లేచి వెళ్లాడు. కొబ్బరి పొడి మరో గుప్పెడు కలిపి, ఆ ముక్కలను ముద్ద చేసి, "దీనితో నెలవంకలు చేద్దాం" అన్నాడు. ఒక నెలవంక, ఒక నక్షత్రం, ఒక చేప, చార్మినార్ అని వాడు చెప్పుకున్న నాలుగు స్తంభాల గులాబీ ముద్ద. అక్కాతమ్ముళ్లు ఆ చార్మినార్‌కు మీనార్లు నిలబెట్టడానికి అరగంట తంటాలు పడ్డారు. అస్ర్ అజాన్ వినిపించినప్పుడే వాడు తల ఎత్తాడు. సురాహీ సంగతి మరచిపోయాడు.

అప్పుడు నాకు ఒక హదీసు జ్ఞాపకం వచ్చింది. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన ఉదంతం అది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో, మదీనాలోని అన్సార్ తల్లులు ఆషూరా దినాన తమ పిల్లల చేత కూడా ఉపవాసం ఉంచేవారు. వారి కోసం ఉన్నితో బొమ్మలు చేసేవారు. పిల్లవాడు ఆకలికి ఏడిస్తే ఆ బొమ్మను చేతికిచ్చి ఇఫ్తార్ వేళ వరకు మరిపించేవారు. ఈ హదీసును నేను తరగతిలో ఎన్నిసార్లు బోధించానో లెక్క లేదు. పిల్లలకు ఆరాధనలను చిన్ననాటి నుంచే అలవాటు చేయాలన్న భాగాన్ని నొక్కి చెప్పేవాడిని. ఉన్ని బొమ్మ దగ్గర మాత్రం ఆగేవాడిని కాను.

ఆగకపోవడం వల్ల ఏం జరిగిందో ఇక్కడ చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రితం ఆషూరా మధ్యాహ్నం, ఇల్లు వదిలి మా మదరసాలో ఉంటున్న పదేళ్ల విద్యార్థి ఒకడు ఉపవాసంతో మూల కూర్చొని ఏడుస్తున్నాడు. "సబ్ర్ చేయి" అని చెప్పి, చేతిలో పుస్తకం పెట్టి పంపేశాను. పుస్తకం ఇవ్వడం తప్పు కాదు. కానీ ఆ వేళ ఆ పిల్లవాడికి కావలసింది ఒక ఉన్ని బొమ్మ. అన్సార్ తల్లులకు తెలిసినది, పదమూడేళ్ల ఈ పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసినది, నాకు తెలియలేదు.

ఇఫ్తార్

సూర్యాస్తమయానికి ముందు చెల్లెలు మూడు పళ్లేలలో పండ్లు, దహీ బడే, తలో నాలుగు రంగు చక్రాలు సర్ది, పైన గుడ్డ కప్పి పొరుగిళ్లకు పంపింది. ఒక పళ్లెం బాబే మోసుకువెళ్లాడు. కొత్త కుర్తా మీద మల్లెదండ అటూ ఇటూ ఊగింది.

ఫోను మోగింది. ఇక్కడ ఆరున్నర అంటే రియాద్‌లో సాయంత్రం నాలుగు గంటలు. తెర మీద తండ్రి ముఖంలో అలసట కనిపించింది. అతని ఉపవాసం ఇంకా ముగియలేదు. అజాన్ వినిపించగానే బాబు ఖర్జూరం నోట్లో పెట్టుకొని, నీళ్లు తాగి, ఆ తరువాత పసుపు సుడి ఉన్న చక్రం ఒకటి తీసి ఫోనుకు దగ్గరగా చూపించాడు. "అబ్బా, ఇందులో రంగు మీరు పంపిన కుంకుమపువ్వుదే. మీకూ ఒకటి దాచాను" అన్నాడు. తండ్రి నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు. "నాకు ఇఫ్తార్‌కు ఇంకా రెండు గంటలు ఉంది బేటా. నువ్వు తిను, నేను చూస్తాను" అన్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ కాసేపు మాట పెగలలేదు. చిన్నపిల్ల మాత్రం చార్మినార్ మీనారు ఒకటి విరిచి నోట్లో వేసుకుంది.

నేనూ ఒక ముక్క తిన్నాను. కోకో చేదు వెనుక నుంచి ఉస్మానియా బిస్కెట్టు ఉప్పు జీర మెల్లగా తెలిసింది. పాలకూర వాసన ఏ మాత్రం లేదు. దైవప్రవక్త (స)కు తీపి పదార్థాలు, తేనె ఇష్టమని ఆయిషా (రజి) తెలియజేశారు. ఇంటిల్లిపాదీ చేతులతో తయారైన తీపిని తినేటప్పుడు ఆ ఇష్టంలోని సొగసు తెలుస్తుంది.

రెండు రోజుల తరువాత తిరుగు ప్రయాణంలో చెల్లెలు ఒక స్టీలు డబ్బా చేతికిచ్చింది. కృష్ణ దాటాక, గద్వాలలో బండి ఆగినప్పుడు ఇఫ్తార్ వేళయింది. ఎదుటి సీటులోని రైతు దంపతులకు, వారి పిల్లవాడికి తలో చక్రం ఇచ్చాను. పిల్లవాడు తినకుండా, ముందు ఆ గులాబీ సుడి మీద వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

రమజాన్ తరువాత మదరసా తెరుచుకుంది. ముహర్రమ్ నెలలో తొమ్మిది, పది తేదీలలో మా పెద్ద విద్యార్థులు ఉపవాసమున్నారు. వారిని చూసి కొందరు చిన్నవాళ్లూ ఉన్నారు. పదవ తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు తరగతి ఆపి, చిన్నవాళ్లను వంటశాలకు పిలిచాను. బిస్కెట్ల సంచి, రెండు బీట్‌రూట్ దుంపలు, ఒక అప్పడాల కర్ర బల్ల మీద పెట్టి, రుబయ్యి (రజి) హదీసును ఈసారి ఉన్ని బొమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టాను.

మా ఫ్రిజ్ చిన్నది. చుట్టలు సరిగా గట్టిపడలేదు. ఇఫ్తార్‌కు చక్రాలకు బదులు వంకర టింకర నెలవంకలే వడ్డించాం. ఒక్కటీ మిగలలేదు.